ఒక్క నీటి చుక్క

మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండింటిలో ఎంత వెదికినా 'ఐసింగ్' అనే దానికి సరిపోయే మాట నాకు దొరకలేదు. మా అత్తగారు దానిని 'లేప్' అంటారు, గోడకు సున్నం పూసినట్లు. నేను 'పూత' అంటాను. కేకు మీద పూసే చాక్లెట్ పూత గురించి ఈ వ్యాసం. అయితే అది వంటల శీర్షికలో కాకుండా ఇక్కడ ఎందుకు రాస్తున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

కడపలో ఏప్రిల్ చివరి వారం ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవారికి చెప్పనవసరం లేదు. పగలు పది గంటలకే వంటగది గోడలు వేడెక్కుతాయి. అటువంటి రోజుల్లోనే మా పదేళ్ళ అబ్బాయి నాజిరా ఖురాన్ పూర్తి చేశాడు. ఆదివారం అస్ర్ నమాజు తర్వాత చిన్న సమావేశం పెట్టుకున్నాం. వాడికి చదువు చెప్పిన హాఫిజ్ సాబ్‌ను పిలిచాం. రాయచోటి నుంచి, ప్రొద్దుటూరు నుంచి బంధువులు వస్తామన్నారు. అందరూ కలిపి నలభై మంది. లడ్డూలు చెప్పాం, షర్బత్ ఇంట్లోనే కలుపుకుందామనుకున్నాం.

"తమ్ముడికి చాక్లెట్ కేకు నేను చేస్తాను అమ్మీ" అంది మా పెద్దమ్మాయి.

ఆ మాట విని నేను సంతోషించి ఉండవలసింది. ఎందుకంటే అది రెండు వారాలుగా మాతో సరిగా మాట్లాడటం లేదు. ఆ నెలలోనే ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. ఫిజిక్స్‌లో, గణితంలో తప్పింది. పదో తరగతి వరకు బడిలో ముందు వరుసలో ఉన్న పిల్ల. ఫలితం చూసుకున్న రోజున ఏడవలేదు కూడా. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వాళ్ళ అబ్బా "మే నెలలో సప్లిమెంటరీ ఉందిగా బేటీ" అని తలుపు బయట నుంచే చెప్పి వచ్చారు. నేనేమీ చెప్పలేదు. నా మౌనం ఓదార్పు కాదని దానికి తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి కేకు చేస్తానన్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ముందు పుస్తకం తెరిస్తే బాగుంటుంది" అని. మా అత్తగారు మధ్యలో కలగజేసుకున్నారు. "చేయనీ బహూ. తమ్ముడి కోసం అడుగుతోంది కదా" అన్నారు. ఆవిడ మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు.

మాకు ఓవెన్ లేదు. పెద్ద కుక్కర్‌లో అడుగున ఉప్పు పరచి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టి కేకు కాల్చడం మా అమ్మాయి ఎనిమిదో తరగతిలోనే నేర్చుకుంది. కేకు ఎప్పుడూ బాగానే వస్తుంది. తంటా అంతా పూతతోనే. అందుకని వారం ముందు నుంచే పూత మీద ప్రయోగాలు మొదలుపెట్టింది.

మొదటిసారి వెన్న పూత చేసింది. వెన్న, కోకో పొడి, మిక్సీలో పొడి చేసిన చక్కెర. నాలుక మీద పెడితే ఇసుక నలిగినట్లుంది. మిక్సీ చక్కెర కంటికి మెత్తగానే కనబడుతుంది కాని నాలుకను మోసం చేయలేం. ముప్పై మైక్రాన్ల కంటే పెద్ద రేణువును, అంటే తల వెంట్రుక మందంలో సగం కూడా లేని రేణువును, మన నాలుక గరుకుగా గుర్తుపడుతుంది. చాక్లెట్‌కు ఆ నునుపు రావడానికే ప్రపంచం చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 1879లో స్విట్జర్లాండ్‌లో రొడాల్ఫ్ లింట్ అనే ఆయన చాక్లెట్‌ను గంటల తరబడి రాపిడి చేసే యంత్రం కనిపెట్టిన తర్వాతే నోట్లో కరిగిపోయే చాక్లెట్ వచ్చింది. అంతకు ముందు అది గరగరలాడుతూనే ఉండేదట. మా అమ్మాయి ఈ సంగతులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. ఫిజిక్స్ పుస్తకం తెరవని పిల్ల కేకు పూతకు నోటుపుస్తకం పెట్టిందని నాకు లోలోపల మండిపోయింది. ఆ రోజు ఏమీ అనలేదు.

దుకాణంలో దొరికే ఐసింగ్ షుగర్ తెచ్చి, పలుచని బట్టలో జల్లించి మళ్ళీ చేసింది. కోకో పొడిని నేరుగా వెన్నలో వేయకుండా ముందు రెండు చెంచాల వేడి పాలలో ముద్దగా కలిపింది. అలా కలిపితే ఉండలు కట్టదు, రంగు కూడా ముదురుతుంది. ఈసారి గరుకు పోయింది. కాని వెన్న కరిగేది ముప్పై రెండు, ముప్పై అయిదు డిగ్రీల మధ్య. మా వంటగది ఆ సమయంలో అంతకు మించి ఉంది. పూసిన పావుగంటకు పూత కేకు మీది నుంచి జారి పళ్ళెంలో చేరింది. శీతాకాలంలో అయితే వెన్న పూతకు మించినది లేదు. రాయలసీమ ఎండల్లో మాత్రం దాని జోలికి పోవద్దని చదివే సోదరీమణులకు నా మనవి.

రెండోసారి చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే పూత. దానిని గనాష్ అంటారు. రెండు వందల గ్రాముల చాక్లెట్‌కు వంద మిల్లీలీటర్ల క్రీమ్. మామూలు ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్ చాలు, ఇరవై అయిదు శాతం కొవ్వు ఉంటుంది. చాక్లెట్‌లో రెండు రకాలు. కోకో గింజల నుంచి తీసిన కోకో వెన్నతో చేసేది అసలైనది. అది ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర కరుగుతుంది, నోటిలో వేసుకోగానే కరిగేది అందుకే. కోకో వెన్నకు బదులు వేరే వృక్ష కొవ్వు కలిపి చేసేదాన్ని కాంపౌండ్ అంటారు. రుచిలో అది ఒక మెట్టు దిగువే, అయినా ఎండకు ఓర్చుకుంటుంది. మేము కాంపౌండ్ తెచ్చాం. కొనేటప్పుడు అట్ట వెనుక చదవడం మా ఇంటి అలవాటు. ఆకుపచ్చ చుక్క ఉందా, కొవ్వు ఎక్కడిది, కలిపినవేమిటి అన్నీ చూస్తాం. వెనీలా ఎసెన్సులలో కొన్ని ఆల్కహాల్‌తో తయారవుతాయి కనుక సీసా కూడా చదివే తీసుకుంటాం. చాక్లెట్ పూతకు నిజానికి ఎసెన్సు అవసరమే లేదు. చిటికెడు ఉప్పు వేస్తే చాక్లెట్ రుచి దానంతట అదే పైకి వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మావారు ఉద్యోగరీత్యా మూడేళ్ళు ఏలూరులో ఉన్నప్పుడు, ఆ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో చెట్ల నీడన మరో పంట చూశాం. కాండానికే అతుక్కుని వేలాడే పసుపు, ఎరుపు కాయలు. కోకో అని తోట యజమాని చెప్పారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ పగలగొడితే లోపల గింజల చుట్టూ తెల్లని గుజ్జు, తియ్యగా, కాస్త పుల్లగా ఉంటుంది. చాక్లెట్ రుచి అందులో ఏమాత్రం లేదు. గింజలను గుజ్జుతో సహా అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించిన తర్వాతే ఆ వాసన పుడుతుంది. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. గుజ్జు చప్పరించి గింజ కొరికి, చేదుకు ముఖం ముడుచుకుని, "చాక్లెట్ లోపల ఇంత కోపం ఉందా అబ్బా" అని అడిగింది. ఆ మాట మా ఇంట్లో చాలా కాలం నిలిచింది.

సరే, గనాష్ దగ్గరకు వస్తాను. ఆ రోజు క్రీమ్ తెర్లేదాకా మరిగించి ఒక్కసారిగా పోసేసింది. పూత విరిగి నూనె పైకి తేలింది. పారేయమన్నాను. పారేయలేదు. గోరువెచ్చని పాలు ఒక్కొక్క చెంచా పోస్తూ, గిన్నె మధ్య నుంచి చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ పది నిమిషాలు కూర్చుంది. నూనె లోపలికి వెళ్ళిపోయి మెరుపు తిరిగి వచ్చింది. నేను చూశాను, కాని బాగుందని చెప్పలేదు. నోటుపుస్తకంలో ఏదో రాసుకుని లేచింది.

ఆదివారం వచ్చింది.

కేకు ఉదయం ఫజ్ర్ తర్వాతే కాల్చి చల్లార్చి ఉంచింది. పూత జుహ్ర్ తర్వాత మొదలుపెట్టింది. ఈసారి చాక్లెట్‌ను ముందే విడిగా కరిగించుకుందామనుకుంది. వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి సన్నని సెగ మీద పెట్టి, దాని మీద చాక్లెట్ తరిగి వేసిన గిన్నె ఉంచింది. పై గిన్నె అడుగు నీటిని తాకకూడదు, ఆవిరి మాత్రమే తగలాలి. అంతా పద్ధతిగా చేసింది. అంతలో దాదీ పిలిస్తే లోపలికి వెళ్ళింది.

నేను పొయ్యి పక్కనే షర్బత్‌కు నిమ్మకాయలు పిండుతున్నాను. వంటగదిలో ఈగలు. గిన్నె తెరచి ఉంది. ఈగ పడుతుందేమోనని అలవాటు కొద్దీ ఒక స్టీలు మూత తీసి దాని మీద పెట్టాను. పెట్టిన సంగతే మరచిపోయాను.

అది తిరిగి వచ్చేసరికి నేను మూత తీసి సింకులో పడేసి ఉన్నాను. గరిటె పెట్టి తిప్పింది. చాక్లెట్ కరగడానికి బదులు బిగుసుకుంటోంది. తిప్పేకొద్దీ ముద్దయింది. తడి మట్టిలా పొరలు పొరలుగా, మెరుపు లేకుండా, గరిటెకు అంటుకుని గిన్నె అడుగు నుంచి లేచి వచ్చింది.

అప్పటికి మూడున్నర. బంధువులు అయిదింటికి వస్తారు. ఆదివారం మధ్యాహ్నం, మా వీధి దుకాణం మూసి ఉంది. మరో చాక్లెట్ లేదు. క్రీమ్ ఒకే ఒక్క ప్యాకెట్.

"ఏ పని చేసినా ఇంతే" అన్నాను. "ఒక్కటంటే ఒక్కటి సరిగా పూర్తి చేసే అలవాటు లేదు నీకు."

కేకు గురించి కాదు నేనన్నది. అది కేకు గురించి కాదని దానికి కూడా అర్థమైంది. ముఖంలో రక్తం లేనట్లయింది. గరిటె పట్టుకున్న చేయి ఆగిపోయింది. రెండు వారాలుగా నా గొంతులో అడ్డుపడి ఉన్న మాట అది. ఫలితాల రోజున అనలేదు కదా, మంచిదే అయిందని నన్ను నేను మెచ్చుకుంటూ ఉన్నాను. చివరికి ఒక గిన్నె చాక్లెట్ దగ్గర అనేశాను.

గిన్నె అందుకుని చెత్తబుట్ట వైపు తిరిగాను. సింకులో స్టీలు మూత వెల్లకిలా పడి ఉంది. దాని లోపలి వైపంతా నీటి బొట్లు.

ఆవకాయ జాడీ విషయంలో నేను ఎంత కఠినంగా ఉంటానో మా ఇంట్లో అందరికీ తెలుసు. తడి చేయి తగలనివ్వను. తడి చెంచా పెడితే ఎవరినైనా కోప్పడతాను. ఇరవై ఏళ్ళుగా ఏ జాడీకీ బూజు పట్టనివ్వలేదు. చాక్లెట్ సంగతి కూడా అటువంటిదేనని తర్వాత తెలుసుకున్నాను. కరిగిన చాక్లెట్‌లో చక్కెర, కోకో రేణువులు కొవ్వులో తేలుతూ ఉంటాయి. అందులో నీరు దాదాపు ఉండదు. ఒకటి రెండు చుక్కల నీరు పడితే ఆ రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడతాయి. ఆవిరి మూతకు తగిలి చల్లబడి చుక్కలుగా రాలింది. పెట్టింది నేను.

ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"పారేయకండి అమ్మీ" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "క్రీమ్ వేడి చేసి అందులోనే పోస్తాను."

"నీళ్ళు తగిలి చెడిపోయిన దానిలో మళ్ళీ పోస్తావా? ఉన్న ఒక్క ప్యాకెట్ కూడా పోతుంది."

"కొంచెం తడి తగిలితేనే గడ్డ కడుతుంది అమ్మీ. సరిపడా పోస్తే విడిపోతుంది. ఎలాగూ క్రీమ్ కలపవలసిందే కదా."

నేను నమ్మలేదు. అయినా గిన్నె దాని చేతికిచ్చాను. నమ్మి ఇచ్చానని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అది నిజం కాదు. సింకులోని మూతను చూసిన తర్వాత కాదనడానికి నాకు నోరు రాలేదు, అంతే.

క్రీమ్‌ను అంచుల వెంట చిన్న బుడగలు వచ్చేదాకా మాత్రమే వేడి చేసింది, తెర్లనివ్వలేదు. మొదట నాలుగు చెంచాలు పోసి తిప్పింది. ముద్ద ఇంకా వికారంగా, ముక్కలు ముక్కలుగా అయింది. నేను ముఖం తిప్పుకుని నిమ్మకాయలు పిండుతున్నాను. మరి కొంచెం పోసింది. ఇంకొంచెం. గరిటె చప్పుడు మారింది. అంతకు ముందు గిన్నెకు కొట్టుకుంటున్న గరిటె ఇప్పుడు మెత్తగా తిరుగుతోంది. తిరిగి చూశాను. ముద్ద కరిగి గోధుమరంగు నుంచి నల్లని మెరుపులోకి మారుతోంది. క్రీమ్ అంతా అయిపోయాక ఒక చెంచా వేడి పాలు, చిటికెడు ఉప్పు వేసింది. గరిటె పైకెత్తితే పట్టు దారంలా జారింది.

ఇటువంటి చాక్లెట్‌ను అచ్చులలో పోసి బిళ్ళలు చేయడానికి మళ్ళీ వాడలేం. పూతకు మాత్రం దేనికీ తీసిపోదు. గడ్డ కట్టిన చాక్లెట్ సరిపడా వేడి ద్రవం పడితే గాని విడిపోదు. అంతకు తక్కువ పోసి మధ్యలో ఆగిపోతే మరింత బిగుసుకుంటుంది. చాలామంది అక్కడే భయపడి ఆపి పారేస్తారు. ఆ రోజున నేను పారేయబోయినట్లే.

పూతను పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, మధ్యలో రెండుసార్లు కలిపింది. కేకు మీద మొదట పలుచని పొర పూసి, రాలే పొడినంతా దానితోనే అణచి, మళ్ళీ చల్లబరచింది. తర్వాత అసలు పూత. చాకును వేడి నీటిలో ముంచి, ప్రతిసారీ పొడి బట్టతో తుడిచి, ఒకే వైపుగా లాగింది. ఆ తుడవడంలో దాని జాగ్రత్త చూస్తుంటే నాకు తల వంగిపోయింది.

సమావేశం బాగా జరిగింది, అల్హమ్దులిల్లాహ్. అబ్బాయి చివరి సూరాలు తడబడకుండా చదివాడు. హాఫిజ్ సాబ్ దుఆ చేశారు. కేకు చూసి ఒక పెద్దాయన "లడ్డూలుండగా ఇదెందుకు" అన్నారు గాని రెండు ముక్కలు తిన్నారు.

నేను భయపడుతూ ఉన్న ఘట్టం ఆడవాళ్ళ గదిలో జరిగింది. మా ఆడపడుచు, మంచి మనిషే, కాని మనసులో ఏదీ దాచుకోదు. నలుగురి మధ్య, "నీ పరీక్ష ఏమైంది బేటీ?" అని అడిగేసింది. రెండు వారాలుగా ఆ ప్రశ్నకే కదా మా అమ్మాయి గదిలో దాక్కున్నది. నేను మాట మార్చడానికి నోరు తెరిచాను.

"రెండు సబ్జెక్టులు పోయాయి ఫుప్పూ" అంది మా అమ్మాయి. ముక్క కోస్తూనే చెప్పింది. "వచ్చే నెలలో మళ్ళీ రాస్తాను. మీకు పూత ఎక్కువ ఉన్న ముక్క ఇవ్వనా?"

ఆడపడుచు ఒక్క క్షణం చూసి, "ఇవ్వు, మూలది ఇవ్వు" అంది. మాట అక్కడితో తెగిపోయింది.

రాత్రి ఇషా తర్వాత అందరూ వెళ్ళిపోయారు. వంటగదిలో మేమిద్దరమే. అది గిన్నెలు సర్దుతోంది, నేను కడుగుతున్నాను. ఆ స్టీలు మూత నా చేతికి వచ్చింది. కడిగి ఆరబెట్టి, చెప్పాను.

"మధ్యాహ్నం గిన్నె మీద మూత పెట్టింది నేనే. తప్పు నీది కాదు."

"తెలుసు అమ్మీ."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. సింకులో చూశాను."

నేను అనరాని మాట అంటున్నప్పుడే దానికి తెలుసు. "మీరే కదా మూత పెట్టారు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదని అడిగాను. భుజాలు ఎగరేసింది. "బంధువులు వచ్చే వేళ. మీరు అప్పటికే అలసిపోయి ఉన్నారు" అంది.

నా చేతులు సబ్బుతో తడిసి ఉన్నాయి. తడి చేతులతోనే దాని తల దగ్గరకు తీసుకుని, "నేనన్న ఆ మాట తప్పు. మనసులో పెట్టుకోకు. నన్ను క్షమించు" అన్నాను. కన్నబిడ్డను క్షమించమని అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. మా అమ్మీ నన్ను ఎన్నడూ అడగలేదు, ఆవిడ అడగాలని నాకు తోచనూ లేదు. అది ఏమీ అనలేదు. ఫలితాల రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఫిజిక్స్‌లో ఏ పాఠం దగ్గర అర్థం కావడం ఆగిపోయిందో, కాలేజీలో ఎవరినీ ఎందుకు అడగలేకపోయిందో, అన్నీ ఆ వంటగదిలోనే చెప్పింది. దసరా సెలవుల నుంచే అర్థం కావడం లేదట. నాకు తెలియనే తెలియదు.

గిన్నె అంచుల వెంట కొంచెం పూత మిగిలి ఉంది. చల్లబడి వెన్నలా గట్టిపడింది. చెంచాతో గీకి ఇద్దరం తిన్నాం. ఒక్క రేణువు కూడా నాలుకకు తగలలేదు.

మర్నాడు ఈ పూత కొలతలు నా వంటల పుస్తకంలో రాసి పెట్టమని దాన్నే అడిగాను. రెండు వందల గ్రాముల కాంపౌండ్, వంద మిల్లీలీటర్ల క్రీమ్, ఒక చెంచా పాలు, చిటికెడు ఉప్పు. క్రీమ్‌ను మరిగించరాదు. గిన్నె, గరిటె, చాకు పొడిగా తుడవాలి. అన్నీ అందమైన అక్షరాలతో రాసింది. అట్టడుగున ఎర్ర సిరాతో ఒక గీత గీసి, దాని కింద 'అమ్మీకి' అని ప్రత్యేకంగా ఇంకొక వాక్యం రాసింది: 'ఈగలు వచ్చినా సరే, మూత పెట్టరాదు.'